వేగుచుక్కకు సాక్ష్యం

నిన్న సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే మా వీధి చివర ఫంక్షన్ హాలు దగ్గర బ్యాండు మోగింది. ముందు పెద్ద డ్రమ్ము గొంతు సవరించుకున్నట్టు రెండు దెబ్బలు, ఆ వెనక క్లారినెట్టు, ఆ పైన అన్నీ ఒకేసారి. రెండు నెలలకు పైగా ఆ హాలు గేటుకు తాళమే. ఇప్పుడు కింద కార్ల హారన్లు, బండి మీద మల్లెమూరల వాసన, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేకలు. పక్క మేడ మీది ఆవిడ వడియాల పళ్ళెం ఎత్తుకుంటూ, "మూఢం పోయిందండీ, ఇక మన నిద్ర గోవిందా" అంది. నేను బట్టలు భుజాన వేసుకుని పడమటికి తిరిగాను. నీళ్ళ ట్యాంకుల వెనక, పొద్దు గుంకిన చోటుకు జానెడు పైన, ఇంకా వెలుతురు ఆరని ఆకాశంలో ఒక్కటే చుక్క. "కనబడింది మేడం" అన్నాను పైకే. ఆవిడ తననే అన్నాననుకుని "ఏం కనబడింది?" అని అటూ ఇటూ చూసింది. ఏం చెప్పను? నేను హాజరు పలికింది కౌసల్య మేడంకు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

తొంభైల్లో, తోకచుక్క వచ్చిన ఏడు, నేను అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి గవర్నమెంటు నౌకరీ పరీక్షలకు చదువుతున్నాను. మాది పాలమూరు జిల్లాలో ఒక మెట్ట ఊరు. అమ్మానాయిన అంబర్‌పేటలో ఒక బస్తీలో గది కిరాయికి తీసుకుని ఇళ్ళ కట్టుబడి పనులకు పోయేవాళ్ళు. నాయిన పేరు బాలయ్య. ఇసుక మోసే పనితో మొదలుపెట్టి తాపీ పట్టేదాకా వచ్చిన మనిషి. మా చుట్టాల్లో డిగ్రీ దాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ మాట ఆయన బస్తీలో కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేవాడు గానీ, ఆ డిగ్రీని ఏం చేసుకోవాలో ఆయనకూ తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ సగమే తెలుసు. నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే. నౌకరీ వచ్చేదాకా అశోక్‌నగర్ వదలకూడదు. ఒకసారి ఊరికి పోతే మళ్ళీ రానివ్వరు.

మా కోచింగ్ సెంటర్ ఒక జిరాక్స్ షాపు పైన ఉండేది. పొడుగాటి గదిలో వందమందిమి, మూడు ఫ్యాన్లు. జాగ్రఫీ చెప్పేది కౌసల్య మేడం. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పొట్టిగా, బొద్దుగా, నీరెండకు కూడా గొడుగు పట్టుకుని, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేది. ఆమె హాజరు తీసుకునే పద్ధతే వేరు. మొదటిరోజు నా పేరు పిలిచింది.

"పద్మా?"

"ప్రెజెంట్ మేడం."

"అది నాకు కనబడ్తనే ఉన్నది. నిన్న పొద్దు గుంకినంక ఆకాశంల ఏం జూసినవ్?"

"నిన్ననా? ఏం చూడలే మేడం."

"అయితే నువ్వింక రాలే. కూసో." చిన్నగా గీత గీసి పక్క పేరుకు వెళ్ళిపోయింది.

గదంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. టిఫిన్ మానుకుని ముందు బెంచీ పట్టుకున్న దాన్ని నేను. రాలేదంటుందేమిటి? ఆ కోపంతోనే ఆ సాయంత్రం హాస్టల్ మేడ ఎక్కి, ఏదో ఒకటి చూసి ఆమె మొహాన కొట్టాలని నిలబడ్డాను. సగం చంద్రుడు ఒక ఎర్రటి చుక్క పక్కన ఉన్నాడు. మర్నాడు అదే చెప్పాను. "మంచిది. ఇయ్యాల గూడ గాడనే ఉంటడా?" అంది. తెలియదన్నాను. "పొయ్యి చూడు." వారం తిరిగేసరికి అర్థమైంది. చంద్రుడు రోజూ కాస్త ఆలస్యంగా వస్తాడు, రోజూ కొన్ని చుక్కలు దాటి తూర్పుకు జరుగుతాడు. ఆ సంగతి నేను పుస్తకంలో ఎప్పుడో బట్టీపట్టిందే. పరీక్షలో అడిగితే కళ్ళు మూసుకుని గుర్తు పెట్టేదాన్ని. కళ్ళు తెరిచి మాత్రం ఎన్నడూ చూడలేదు.

సెంటర్ నడిపే ఆయనకు ఇదంతా నచ్చేది కాదు. తలుపు దగ్గర నిలబడి, "మేడం, పిల్లలకు బిట్లు చెప్పండి చాలు, టైమ్ లేదు" అనేవాడు. "బిట్లు వాళ్ళే సదువుకుంటరు సార్. తలకాయ ఎత్తుమని ఇంకెవ్వరు జెప్పరు" అని ఆమె బోర్డు వైపు తిరిగేది. ఆమె ఆ పద్ధతి ఒక్కరోజు కూడా మానలేదు.

ఒకరోజు సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసి బోర్డుకు తగిలించింది. హైదరాబాదులో ప్రతి ఇంట్లో, ప్రతి కిరాణా కొట్లో వేలాడేదే. ఒక్కో గడిలో మధ్యన పెద్ద ఇంగ్లీషు తారీఖు, కింద తిథి, నక్షత్రం, మూలన ఉర్దూ అంకెల్లో ఇంకో తారీఖు. "ఈ ఒక్క గడిల ఎన్ని వేల ఏండ్ల సంది ఎంతమంది మెడలు నొప్పులు వెట్టుకోని పైకి జూసిన్రో లెక్కలేదు" అంది. చంద్రుణ్ణి చూసి నెల కట్టారు, సూర్యుణ్ణి చూసి ఏడాది కట్టారు. తీరా చూస్తే పన్నెండు నెలలు ఏడాదికి చాలవు. మనవాళ్ళు ఆ లోటు పూడ్చడానికి మధ్య మధ్య అధికమాసం వేసి దసరాను దాని ఋతువులోనే కట్టి ఉంచారు. ముసల్మానులు చంద్రుణ్ణి కట్టెయ్యలేదు, అందుకని రంజాన్ ఎండల్లోకీ వానల్లోకీ చలిలోకీ తిరుగుతూ ఉంటుంది. అది వినగానే నా చిన్నప్పటి అనుమానం తీరిపోయింది. మా ఊళ్ళో పీర్ల పండుగ నాకు ఊహ తెలిసినప్పుడు ఒక కాలంలో వచ్చేది, నేను పెద్దయ్యేసరికి ఇంకో కాలంలోకి వెళ్ళిపోయింది. ఎందుకని అడిగితే అమ్మ "పీర్ల ఇష్టం" అనేది. ఆకాశంలో తిరిగే ఏడు వెలుగుల పేర్లే వారానికి ఏడు పేర్లయ్యాయని, దిక్కు తెలిసింది పొద్దు పొడుపుతోనని, గుడి ముఖం ఎటో నమాజు వేళ ఏదో నిర్ణయించింది నీడలేనని ఆమె చెబుతూ పోతుంటే, నాకు మొదటిసారి పాఠంలో నా ఊరు, నా బస్తీ కనబడ్డాయి. "వాయిదా అంటే ఏంది? ఫలానా పున్నానికి వస్త అన్న మాట. పైన పున్నం లేకుంటే కింద మాట నిలబడుడు లేదు" అనేది. ఆ వాక్యం నాకు ఇప్పటికీ ఇష్టం.

మేడం ఇల్లు చిక్కడపల్లిలో ఒక సన్నటి గల్లీలో, ఖాసిం భాయి బ్యాండు దుకాణం పైన. దుకాణంలో గోడ పొడుగునా జరీ పట్టీల ఎర్ర కోట్లు వేలాడేవి. మూలన పెద్ద డ్రమ్ము, దాని మీద మేడం పిల్లి పడుకునేది. భర్త పోయాక ఆమె ఒక్కతే ఉండేది. సందేహాలుంటే ఇంటికి రమ్మనేది, పోతే ఉప్మా పెట్టేది. మేము చదువుకుంటుంటే కింద ఖాసిం భాయి మనుషులు కొత్త పాట సాధన చేసేవాళ్ళు. ఎంత గోల చేసినా ఆమె విసుక్కునేది కాదు. "నా పెండ్లికి వాయించింది వీళ్ళ నాయినే. ఇంటర్ సదువుతుంటే మూఢం వస్తున్నదని ఆగమాగం జేసిన్రు. మల్ల పుస్తకం పట్టేటాళ్ళకు ముప్పై ఏండ్లొచ్చినయి నాకు" అని ఒకసారి చెప్పింది. బాధగా చెప్పలేదు. తప్పిపోయిన బస్సు గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది. నెల చివర చాంద్ చూడటానికి గల్లీ అంతా మేడం మేడ మీదికే ఎక్కేది, పడమటి వైపు అడ్డం లేని మేడ అదొక్కటే. నేనూ వెళ్ళాను. ఎక్కడ చూడాలో మేడం చెయ్యి చాపి చూపించింది. పిల్లలు అరుస్తున్నారు, ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటున్నారు, ఖాసిం భాయి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కత్తిరించి పడేసిన గోరంత వెలుగు నాకే ముందు కనబడింది. "అగో! అగో!" అని గంతేశాను. ఖాసిం భాయి నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"జర ఆగు బేటీ. పక్కాగ జూసినవా? మబ్బు తునక గాదు గద?"

"చూసిన భాయీ, గా స్తంభానికి ఎడమ పక్క."

"మల్లొక్కసారి జూడు. మా దగ్గర చాంద్ జూసినోళ్ళు గవాహి ఇయ్యాలె, అంటే సాక్ష్యం. ఒక్కరు అబద్ధం జెప్తే అందరి రోజాలు ఆగమైతయి. జూసినోళ్ళ నోట్ల ఊరంత ఉంటది."

మళ్ళీ చూశాను. గోరు అక్కడే ఉంది. ఉందన్నాను. ఈలోగా మసీదు సైరన్ మోగింది, గల్లీలో పటాకులు పేలాయి, ఎవరో నా నోట్లో ఖర్జూరం కుక్కారు. మేడం నా చెవి దగ్గరకు వచ్చి, "ఇయ్యాల నీ హాజరు పడ్డది" అంది. ఆ రోజు నేను హాస్టల్‌కు నడవలేదు, తేలుతూ పోయాను.

తరువాతి వారంలోనే నాయిన వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ చొక్కా చూడగానే నా మనసు కీడు శంకించింది, ఎందుకంటే పెద్దమనుషుల్లో కూర్చునేటప్పుడు తప్ప ఆయన అది వేసుకోడు.

"పిలగాడు మన పక్కూరే బిడ్డా. సొంత ట్రాక్టరున్నది. మాఘం దాటితే మూఢమంట, ఎండకాలం దాక ముహూర్తాల్లేవంట. మొన్నటిదాక గురు మూఢం, ఇప్పుడు మల్ల శుక్ర మూఢం. నడుమ గీ సందున్నది. గిండ్లనే జేద్దామంటున్రు."

"నాకు పరీక్ష ఉన్నది నాయినా."

"పెండ్లయినంక రాయరాదు? వాళ్ళు గూడ వద్దనరు."

వాళ్ళు వద్దనరు, నిజమే. పొద్దున పాలు పితికి, పొలానికి సద్ది కట్టి, వచ్చిన చుట్టాలకు వండి, ఆ మిగిలిన వేళలో చదువుకోమంటారు. మా అక్కచెల్లెళ్ళలో ఎంతమందిని చూశాను నేను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కానీ ఆయన మీద కోపం చూపించడం కూడా నావల్ల కాలేదు. ఆయన వేళ్ళ సందుల్లో సున్నం అలాగే ఉంది. "మా మేడంతోని ఒక్కసారి మాట్లాడు, తర్వాత నీ ఇష్టం" అని చిక్కడపల్లికి తీసుకుపోయాను.

దుకాణంలోనే కూర్చున్నాం, ఎర్ర కోట్ల కింద. నాయిన ముహూర్తం చెప్పగానే ఖాసిం భాయి మేకుకు వేలాడుతున్న పంచాంగాలు దించాడు. రెండు ఉంటాయి ఆయన దగ్గర. శుక్రుడు మునిగితే ఆయన బ్యాండు మూగబోతుంది కాబట్టి, ఏ పురోహితుడి కన్నా ముందే మూఢం సంగతి ఆయన విచారించుకునేవాడు. ఒక పంచాంగంలో మూఢం ముహూర్తం దాటాక పడుతుంది, మా ఊరి అయ్యగారు చూసింది అదే. రెండో దాంట్లో రేపటి నుంచే మూఢం. "రెండు ఎన్నడు కలవయి బాలయ్యా. పెండ్లోళ్ళు ఏది నమ్ముతే నేను గదే నమ్ముత" అన్నాడు ఖాసిం భాయి. నాయిన మొహం వాడిపోయింది. మూఢంలో పెళ్ళి చేశాడన్న మాట మీద పడితే ఊళ్ళో తలెత్తుకోలేడు.

మేడం అప్పుడు నోరు విప్పింది. "పుస్తకాలు రెండు కొట్లాడుకుంటుంటే వాటినెందుకడుగుడు అన్నా? మూఢమంటే ఏంది? శుక్రుడు పొద్దుకు దగ్గరికి వొయ్యి, ఆ వెలుతుర్ల మునిగి కనబడకపోవుడు. ఎన్కటోళ్ళు తూర్పుకు జూసే చెప్పిన్రు. రేపు తెల్లారంగ పైకెక్కి మనం గూడ జూద్దాం. కనబడ్తే మూఢం లేనట్టే, నువ్వు పెండ్లి జెయ్, నేను అడ్డం రాను. కనబడకపోతే మూఢం పడ్డట్టు. పిల్ల పరీక్ష రాసేదాక ఈ ముచ్చట ఎత్తొద్దు."

నాయిన "సరే అమ్మా" అన్నాడు.

నా బతుకును తీసుకుపోయి ఒక చుక్కకు తగిలించిందేమిటి ఈమె? మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను, "కనబడ్తదా మేడం?"

"తెల్వదు. పొగమంచు ఉంటది. కనబడొచ్చు, కనబడకపోవచ్చు."

"మీరు గూడ ముహూర్తాలు నమ్ముతరా?"

"నేను నమ్ముడు గాదు ముచ్చట. మీ నాయిన నమ్ముతడు. ఆయన నమ్మేదాంట్ల నిలబడే ఆయనతోని మాట్లాడాలె. గది ఇడిశిపెట్టి మాట్లాడితే నా మాట ఆయనకు గాలి లెక్క."

తెల్లవారుజామున నలుగురం మేడ ఎక్కాం. నాయిన రాత్రి ఖాసిం భాయి దుకాణంలోనే పడుకున్నాడు, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. ఈశాన్యంలో తోకచుక్క ఇంకా కనబడుతోంది, ఎవరో తడిచేత్తో సున్నం గీసినట్టు. నాయిన దానికి దండం పెట్టాడు, భక్తో భయమో తెలియదు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే తూర్పుకు తిరిగి నిలబడ్డాం. ఆజామాబాద్ వైపు ఫ్యాక్టరీ గొట్టాలు నల్లగా, వాటి వెనక ఆకాశం తెల్లబడుతూ. ఉన్నట్టుండి నాయిన చెయ్యెత్తాడు.

"అగో ఏగుసుక్క! కనబడ్తనే ఉన్నది!"

బాగా పైన, నిబ్బరంగా మెరుస్తోంది. మేడం తల అడ్డంగా ఊపింది. "అది గురుడు అన్నా. మొన్నటిదాక మూఢంల ఉండె, ఇప్పుడే బయటవడ్డడు. మన సుక్క ఉంటే ఇంక చాన కిందికి ఉంటది."

ప్రాణం లేచొచ్చింది. కింద ఏమీ లేదు, ఒట్టి పొగ. ఇళ్ళ కప్పులు ఒక్కొక్కటే తేలుతున్నాయి. కాకులు మొదలయ్యాయి. ఇంకాస్త వెలుతురొస్తే చాలు, ఏ చుక్కా కనబడదు, నేను బయటపడ్డట్టే. లోపల లోపల పొద్దును తొందరపెడుతున్నాను. సరిగ్గా అప్పుడు కనబడింది. మూడో గొట్టం పక్కన, పొగ చీలిన చోట, ఒక చిన్న తెల్లటి నలుసు. కళ్ళు మూసి తెరిచాను. ఉంది. అది నలుసు కాదు, వణకకుండా నిలబడిన చుక్క. మా నాయిన చిన్నప్పుడు దుక్కికి లేచిన ఏగుసుక్క, పంచాంగంలో శుక్రుడు, నా పెళ్ళి.

"కనబడ్తలేదు నాకు" అన్నాడు నాయిన కళ్ళు నులుముకుంటూ. సున్నం దుమ్ముకు ఆయన చూపు ఎప్పుడో మసకబారింది. ఖాసిం భాయి కళ్ళజోడు పైకి తోసి, "నాకైతే అంత ఒక్కతీర్గనే ఉన్నది" అన్నాడు. మేడం ఏమీ అనలేదు. నాయిన నా వైపు తిరిగాడు. "నీకేమన్న కనబడ్తుందా బిడ్డా?"

లేదు అనే మాట ఎంత చిన్నది! నాలుక చివరనే ఉంది. ఎవరికీ తెలియదు. ఇంకో నిమిషానికి ఆకాశమే దాన్ని దాచేస్తుంది. కానీ ఖాసిం భాయి నా పక్కనే ఉన్నాడు. చాంద్ కనబడిన సాయంత్రం నా భుజం మీద చెయ్యి వేసిన మనిషి, నేను ఉందంటే నమ్మి నెల రోజుల ఉపవాసం ముగించిన మనిషి. అప్పుడు నా మాట మీద నమ్మకముంచిన ఆయన ముందు, ఇప్పుడు నాకు పనికొచ్చే అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"ఉన్నది నాయినా. మూడో గొట్టం పక్కన."

"పక్కాగనా?"

"పక్కా."

"నాకు కానొస్తలేదు. నువ్వు జూసినవ్ గద, ఉన్నట్టే" అన్నాడు. తువ్వాలు విప్పి దులుపుకుని మెట్లు దిగిపోయాడు. ఖాసిం భాయి ఆయనకు చాయ్ తాగించాడట. తాగి అంబర్‌పేటకు వెళ్ళిపోయాడట. నేను మేడ మీదే కూలబడ్డాను. అప్పుడొచ్చింది ఏడుపు.

మేడం పక్కన కూర్చుంది. "నాకు నీకంటే ముందే కనబడ్డది" అంది.

నేను తల ఎత్తాను. "మరి చెప్పలేదేంది?"

"నువ్వేమంటవో అని ఆగిన."

"నేను లేదంటే?"

"అప్పుడు నేనే చెప్దును, ఉన్నదని."

ఆమెను అంతగా ద్వేషించిన క్షణం మళ్ళీ లేదు. "మీరు నా దిక్కనుకున్న" అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "నీ దిక్కే. పద్మా, వాళ్ళు పుస్తకంల ఏదో రాసున్నదని నిన్ను కట్టేస్తున్రు. నువ్వు కండ్లకు కనబడ్డది లేదని చెప్పి బయటవడ్తే ఇంక నీకూ వాళ్ళకూ ఏం ఫరక్? పెండ్లి ఆపాలంటే వద్దు అని నీ నోటితోని చెప్పు. సుక్కతోని చెప్పియ్యకు." నేను లేచి వచ్చేశాను. ఆ తరువాత రెండు మూడు రోజులు క్లాసుకు పోలేదు. అంబర్‌పేటకు పోయి వద్దని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటూ ఉన్నాను.

నేను పోకముందే నాయిన వచ్చాడు. ఈసారి పని బట్టల్లోనే, కాళ్ళకు సిమెంటు అలాగే ఉంది. గేటు దగ్గర నిలబడి, "వాళ్ళకు చెప్పిన బిడ్డా. మూఢం పడ్డది, ఇప్పుడు కుదరదని" అన్నాడు.

"నాయినా, సుక్క కనబడ్డది గద!"

"నీకు కనబడ్డది. వాళ్ళకెవరికి కనబడ్డది?" చిన్నగా నవ్వాడు. "ఖాసిం భాయి రెండో పంచాంగం ఇచ్చిండు. గదే జూపిచ్చిన. పైన తోకసుక్క గూడ ఉన్నదంటిని." నవ్వు ఆపి, నా వైపు చూడకుండా గేటు ఊచ పట్టుకున్నాడు. "లేదంటే నీ పెండ్లి ఆగుతదని నీకు ఎరుకే. ఎరుకుండి గూడ ఉన్నది ఉన్నట్టు చెప్పినవ్. గసుంటి పిల్ల పరీక్ష రాస్త అంటే రాస్తది. రాయి."

పరుగెత్తుకుంటూ పోయి మేడంకు చెబితే, ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "చూసినవా? మనిషి ఆకాశంతోని అన్ని పనులు జేయించుకున్నడు. తారీఖు, దిక్కు, ఋతువు, ఆఖరుకు మొహం మీద వద్దనలేని చోట వద్దనుడు గూడ" అంది. ఆ మాట మీద నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. మూఢాన్ని ఒట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువు, నేనూ కొట్టిపారేస్తాను. కానీ ఏటేటా కాకపోయినా అప్పుడప్పుడూ ఊరు ఊరంతా ఒక్కసారి ఆగడానికి, తొందరపడి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి, ఎవరి మనసూ నొప్పించకుండా పిల్లను ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోవడానికి మా నాయిన లాంటివాళ్ళకు అదొక సందు. అదే ఆకాశం కౌసల్య మేడంను ఇంటర్ మధ్యలో పీటల మీద కూర్చోబెట్టింది కూడా. చుక్క తన దారిన తాను పోతుంది. దాన్ని పట్టుకుని ఎవరిని తొయ్యాలో, ఎవరిని ఆపాలో మనమే నిర్ణయించుకున్నాం. ఇది ఆమె నాకు పాఠంగా చెప్పలేదు, నాకు జరిగి అర్థమైంది.

ఆ వేసవి అంతా చిక్కడపల్లి, నారాయణగూడ ఫంక్షన్ హాళ్ళు బోసిపోయాయి. పెళ్ళికార్డులు అచ్చు వేసే కుర్రాళ్ళు మెట్ల మీద క్యారమ్స్ ఆడుకున్నారు. కొత్త ఇళ్ళకు శంకుస్థాపనలు లేక మా నాయినకూ పని పలచబడింది. ఒక గ్రహం పొద్దు చాటుకు పోతే ఇంతమంది చేతులు ఖాళీ అవుతాయని అప్పుడే చూశాను. నేను మాత్రం బ్యాండు దుకాణంలో డ్రమ్ములకు ఆనుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదివాను. పరీక్ష రాశాను. పోయింది. నాయిన ఒక్క మాట అనలేదు. మూఢం వీడాక సంబంధాలు మళ్ళీ వచ్చాయి. ఊరినుంచి ఎవరు కదిపినా "మా ఇంట్ల ఇంక మూఢం పోలే" అనేవాడు. ఆ మూఢం రెండేళ్ళకు పైగా నడిచింది, అంత పొడుగు మూఢం ఏ పంచాంగంలోనూ ఉండదు.

రెండోసారి నెగ్గాను. ఫలితాలు వచ్చింది శ్రావణంలో, ముసురు పట్టిన రోజు. విచిత్రం, ఆ శ్రావణంలోనూ శుక్ర మూఢమే. ఖాసిం భాయి మనుషులు దుకాణంలో గోళ్ళు గిల్లుకుంటున్నారు. నేను వార్త చెప్పగానే ఆయన లేచి, "మూఢం పెండ్లిళ్ళకు, నౌకరికి గాదు. కోట్లు తొడుగుండ్రి!" అన్నాడు. నెలరోజుల మౌనం తరువాత ఆ గల్లీలో బ్యాండు మోగితే కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఒకాయన తల బయటపెట్టి, "మూఢంల ఎవరిదయ్యా పెండ్లి?" అని కేకేశాడు. మా నాయిన వానలో తడుస్తూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి, "పెండ్లి గాదు సారూ, నా బిడ్డకు నౌకరొచ్చింది" అని అంతకన్నా పెద్దగా కేకేశాడు. మేడం పైన బాల్కనీలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. కిందికి వంగి నన్నే అడిగింది, "ఇయ్యాల ఆకాశంల ఏం జూసినవ్?" మబ్బు తప్ప ఏమీ లేదన్నాను. "మంచిది. లేనప్పుడు లేదను" అంది.

ఇన్నేళ్ళ రెవెన్యూ కొలువులో నాకు మొండిదన్న పేరు స్థిరపడిపోయింది. స్థలం మీదికి పోకుండా, కళ్ళతో చూడకుండా నేను సంతకం చేయనని అందరికీ తెలుసు. దానికి బదిలీలు కూడా బాగానే అయ్యాయి. మొన్న ఊరి చివర ఒక వాగు దగ్గరికి పోయి వచ్చాను. ప్లాట్లు వేసుకోవడానికి అక్కడ వాగే లేదని రాసిమ్మని ఒకరి తరువాత ఒకరు చెబుతున్నారు, నిన్న మధ్యాహ్నం కూడా ఒకాయన ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. "ఎండాకాలం మేడం, ఇప్పుడెవరికి కనబడుతుంది?" అన్నాడు. నిన్న సాయంత్రం చీకటి పడేదాకా పడమటి ఆ చుక్కను చూస్తూ మేడ మీదే నిలబడ్డాను. కింద బ్యాండు హుషారెక్కింది. నేను చూశాను. వాగు ఉన్నది. ఈ పొద్దున అదే రాశాను.